పొందూరు అత్తకి జడల మఫ్లరు

సెప్టెంబరు 14

ఎందుకు మొదలుపెట్టానో ముందే రాసి పెట్టుకుంటున్నాను. నవంబరులో నన్ను నేను తిట్టుకునేటప్పుడు పనికొస్తుంది.

మా మేనత్త డిసెంబరు 12న డెహ్రాడూన్ వెళ్తోంది. బావ అక్కడ ఆర్మీలో ఉన్నాడు. ఈసారి క్వార్టర్సు వచ్చాయి, చలికాలమంతా నా దగ్గరే ఉండాలమ్మా అని పట్టుపట్టాడు. అత్త పొందూరు దాటి వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: విశాఖలో కంటి ఆపరేషను, తిరుపతి రెండుసార్లు, కాశీ ఒకసారి. సంక్రాంతి ముందు తెల్లారగట్ల నాలుగు చుక్కలు మంచు పడితేనే చెవులకి తువ్వాలు బిగించి కూర్చునే మనిషి. డెహ్రాడూన్‌లో జనవరి రాత్రుళ్లు 6, 7 డిగ్రీలకి పడిపోతుంది.

కొనేయొచ్చు. డిసెంబరు వస్తే శ్రీకాకుళం రోడ్ల పక్కన స్వెటర్ల గుట్టలు వెలుస్తాయి, మఫ్లరు రెండు వందలకే ఇస్తారు. కానీ అత్త నలభై ఏళ్లు నూలు వడికింది. నా పెళ్లిలో నాన్న కట్టుకున్న పంచె ఆమె వడికిన నూలుదే. అలాంటి మనిషి చేతిలో గుట్టలోంచి లాగిన మఫ్లరు పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

నాకొచ్చిన విద్య ఎంతంటే, చిన్నప్పుడు ఆమదాలవలసలో మా పక్క రైల్వే క్వార్టర్సులో ఉన్న బెంగాలీ ఆంటీ నేర్పిన 'సీదా, ఉల్టా'. అంటే ప్లెయిన్, పర్ల్. దానితో ఇప్పటిదాకా ఒక పసిపిల్ల టోపీ, రెండు సాదా మఫ్లర్లు. ఇప్పుడు కళ్లు పడింది మాత్రం కేబుల్ అల్లిక మీద. కేబుల్ అనగానే మా ఆయన టీవీ వైపు చూశాడు. అందుకే ఇంట్లో దీన్ని జడ అనే అంటున్నాం. చూడ్డానికీ అచ్చం జడే.

చెయ్యడం కూడా జడ వేసినట్టే. సూది మీద వరసగా ఉన్న ఆరు కుట్లలో మొదటి మూడింటిని ఇంకో చిన్న పుల్ల మీదికి తీసి పక్కన వేలాడదియ్యాలి. తర్వాతి మూడింటిని ముందు అల్లేసి, అప్పుడు వేలాడేవాటిని అల్లాలి. పాయ మీద పాయ పడిపోతుంది. పుల్లని బట్టకి ముందు వైపు వేలాడదీస్తే మెలిక ఎడమకి వాలుతుంది, వెనక వేలాడదీస్తే కుడికి. ఈ ఒక్క వాక్యం గోడ మీద రాసుకోవాల్సింది. రాసుకోలేదు. ఆ కథ ముందుంది.

ఊలు ఆన్‌లైన్లో తెప్పించాను. 50 గ్రాముల ఉండలు మూడు, ఉండకి 100 మీటర్లు. ఇక్కడి షాపుల్లో దొరికేది ఎక్కువగా యాక్రిలిక్. ఉతకడానికి సుఖమే గానీ మెడకి చెమట పట్టిస్తుంది, పైగా తడిపి పరిస్తే ఆకారం నిలవదు. రంగు అనకాపల్లి బెల్లం రంగు. ముదురు రంగులో జడ కనపడదు, మరీ తెలుపైతే రైల్లోనే మాసిపోతుంది.

సెప్టెంబరు 21

వారం వృథా.

నాకు దొరికిన నమూనా అమెరికావాళ్లది. '8 నంబరు సూదులు' అని ఉంది. జి.టి. రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపుకి వెళ్లి 8 నంబరు అడిగాను, పాపం వాళ్లు అడిగిందే ఇచ్చారు. ఇంటికొచ్చి నమూనా ముక్క అల్లితే 10 సెంటీమీటర్లకి 18 కుట్లు రావాల్సింది 23 వచ్చాయి. ముక్కేమో గోనెపట్టాలా నిలబడి ఉంది. నా చెయ్యి బిగుతేమో అనుకుని వదులుగా అల్లాను. 22. ఊలు లావేమో అనుకున్నాను. రెండు రాత్రులు అనుమానాలతోనే గడిచాయి. మూడో రోజు సూది మడమ మీద చూద్దును కదా, 8 పక్కన చిన్న అక్షరాల్లో 4 మి.మీ. అని ఉంది.

అమెరికావాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్లు. మన దగ్గర నడిచేది పాత ఇంగ్లీషువాళ్ల లెక్క, అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లే. 5 కావాలంటే మనం 6 నంబరు అడగాలి. వాళ్ల దగ్గర నంబరు పెరిగేకొద్దీ సూది లావెక్కుతుంది, మన దగ్గర సన్నబడుతుంది.

సిగ్గు ఎక్కడంటే, నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. రోజూ చేత్తో పట్టుకునేవే 21, 23 నంబరు సూదులు. 23 సన్నం, 21 లావు, 18 అయితే ఇంకా లావు. పద్నాలుగేళ్లుగా తెలిసిన సంగతి ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఫోన్లో అత్తకి ఈ సంగతి చెబితే (ఎవరికోసమో చెప్పలేదు) పకపకా నవ్వింది. "నూలు కూడా అంతే కదే గుంటా, నూరు కౌంటు అంటే ఎంత్రుకలాగుంటాది, నలభై అంటే దారమే" అంది. నూలు లెక్క కూడా అదే మరి: ఒక పౌను నూల్లో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు. ఎక్కువ చిలపలు వచ్చాయంటే పోగు అంత సన్నమన్నమాట.

సెప్టెంబరు 28

6 నంబరు సూదులు వచ్చాయి. 10 సెంటీమీటర్లకి 18 కుట్లు, చెప్పినట్టే.

ఈసారి జడలతో ఇంకో ముక్క అల్లి చూశాను. ఇది చెయ్యకుండా మొదలుపెట్టి ఉంటే అత్తకి మఫ్లరు కాదు, నాడా వచ్చేది. ప్లెయిన్‌గా 24 కుట్లు 13 సెంటీమీటర్ల పైన వచ్చింది. అదే 24 కుట్లలో రెండు జడలు వేస్తే పదిన్నరకి దిగిపోయింది. మెలిక పడ్డచోటల్లా బట్ట నడుం బిగించుకున్నట్టు లోపలికి లాగేస్తుంది. జుట్టు వదిలేస్తే వీపంతా పరుచుకుంటుంది, జడేస్తే బెత్తెడు కూడా ఉండదు కదా, అలా.

అందుకని కుట్లు ఎక్కువ ఎక్కించాలి. లెక్క ఇలా తేల్చాను. రెండు అంచులకీ నాలుగేసి కుట్లు, చుట్టుకుపోకుండా ఎప్పుడూ ప్లెయిన్. నడి మధ్యలో 9 కుట్లతో మూడు పాయల జడ. దానికి అటొకటి ఇటొకటి 6 కుట్ల తాడు. అన్నిటి మధ్యా మూడేసి పర్ల్ కుట్లు, అవి లోపలికి దిగితేనే జడ పైకి లేస్తుంది. మొత్తం 41. ఎనిమిది వరసలకి ఒకసారి నమూనా మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఎనిమిదిలో పక్క తాళ్లు ఒక్కసారి మెలి తిరుగుతాయి, నడిమి జడ రెండుసార్లు, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి. ఎడమ తాడు ఎడమకి, కుడి తాడు కుడికి వాలాలి, అప్పుడే అద్దంలో చూసినట్టుంటుంది.

160 సెంటీమీటర్ల పొడవు కావాలంటే ఈ ఎనిమిది వరసల ముక్కలు 48. ఒక్కో దాన్ని 'మెట్టు' అంటున్నాను.

అక్టోబరు 2

దసరా. నిన్న ఆయుధ పూజలో స్కూటీ, మిక్సీ పక్కన ఈ సూదులు కూడా పెట్టి బొట్టు పెట్టాను. అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు పడే రోజులు, మా వీధిలో సగం మంది చీకటితోనే వెళ్లిపోయారు. నేను ఆ నిశ్శబ్దంలో 41 కుట్లు ఎక్కించుకున్నాను. మూడుసార్లు లెక్కపెట్టాను: 41, 40, 41. మెజారిటీ తీర్పు.

మెలికకి కావాల్సిన చిన్న పుల్ల కొనడం మర్చిపోయాను. మా అమ్మాయి జడపిన్ను పట్టుకొచ్చింది, ఆ యు ఆకారంది. మొదట నవ్వాను. తీరా చూస్తే దానికంటే మంచి పనిముట్టు లేదు. నున్నగా ఉంటుంది, మూడు కుట్లూ దాని వంపులోకి జారి కూర్చుంటాయి, కింద పడవు. జడ అల్లడానికి జడపిన్ను!

అక్టోబరు 12

6 మెట్లు. ఒక మెట్టుకి నలభై నిమిషాలు పడుతోంది.

అసలు కష్టం మెలికలో లేదు, లెక్కలో ఉంది. టీవీ చూస్తూ అల్లితే అది నాలుగో వరసో ఆరో వరసో తెలియదు. బల్ల మీద పెన్నుతో గీతలు పెడితే మా ఆయన వాటి మీద కాఫీ గ్లాసు పెట్టాడు. చివరికి ల్యాబులో మూలపడున్న పాత డి.సి. కౌంటర్ గుర్తొచ్చింది. తెల్లకణాల్లో ఏ రకం ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోపులో చూస్తూ లెక్కపెట్టే మీటల పెట్టె అది. మొత్తం నూరవ్వగానే గంట కొడుతుంది. సార్‌ని అడిగితే "తీసుకెళ్లండి, ఒక మీట ఎలాగూ ఇరుక్కుపోయింది" అన్నారు.

న్యూట్రోఫిల్ మీట వరసకి, లింఫోసైట్ మీట మెట్టుకి. బ్రహ్మాండంగా ఉంది. మొన్న రాత్రి పదకొండున్నరకి నూరు నిండి గంట మోగింది, మా అత్తగారు పూజ గదిలో పిల్లి దూరిందని లేచి కూర్చున్నారు.

అక్టోబరు 19

13 మెట్లు. చెమట. అక్టోబరులో శ్రీకాకుళంలో ఊలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఒక వ్రతం. ఫ్యాను కిందే కూర్చోవాలి, ఫ్యాను గాలికి ఉండ దొర్లుతుంది. చెయ్యి తడిగా ఉంటే ఊలు సూది మీద జరగకుండా కీచుమంటుంది. మా అమ్మాయి కొంచెం పౌడరు రాసుకోమంది. రాశాను, బెల్లం రంగు మీద తెల్లటి వేలిముద్రలు. ఉతికితే పోతాయిలే.

చూసినవాళ్లందరూ "లేసా?" అంటున్నారు. మనవైపు చేతి అల్లిక అనగానే నరసాపురం లేసే గుర్తొస్తుంది. అది క్రోషా. ఒకే ఒక కొక్కెం సూది, నూలు దారం. నాది రెండు సూదుల పని, కుట్లన్నీ ఎప్పుడూ సూది మీద బతికే ఉంటాయి. సూది జారిందా, నలభై ఒక్కటీ వీధిన పడతాయి.

ఈ జడల స్వెటర్లకి పేరుపడ్డ చోటు ఐర్లాండు పడమటి తీరంలోని ఆరన్ దీవులు. ఏ ఇంటి జడ ఆ ఇంటిదేననీ, సముద్రంలో పోయిన జాలరి ఒడ్డుకి కొట్టుకొస్తే స్వెటరు మీద అల్లికని బట్టి ఎవరో గుర్తుపట్టేవారనీ ఒక కథ తిరుగుతుంటుంది. అది కథే. ఆ స్వెటర్లు పట్టుమని నూరేళ్ల పైచిలుకువి, ఇంటికో గుర్తు అన్నది అమ్ముకోవడానికి బాగా పనికొచ్చిన మాట. కళింగపట్నం వైపు మా బంధువులున్నారు. ఒడ్డున ఎదురుచూసే ఇంటివాళ్లకి మనిషిని గుర్తుపట్టడానికి స్వెటరు అక్కర్లేదు.

అక్టోబరు 26

20 మెట్లు అయ్యాయి. ఎందుకో అనుమానమొచ్చి వంటింటి త్రాసు మీద తూచాను. 68 గ్రాములు. అంటే మెట్టుకి 3.4. నా దగ్గర మొదట ఉన్నది 150, నమూనా ముక్కలకి 12 పోయింది. మిగిలిన 138 గ్రాములకి 40 మెట్లే వస్తాయి, నాకు కావాల్సింది 48.

సాదా మఫ్లరు లెక్కతో మూడు ఉండలు తెప్పించాను. జడకి కుట్లు ఎక్కువ, పైగా పాయ మీద పాయ పడేచోట బట్ట రెండు పొరలు. ఊలు తింటుంది మరి. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే. నాలుగో ఉండకి ఆర్డరు పెట్టాను. అద్దకం లాటు నంబరు అదే ఇవ్వమని రాశాను, ఇస్తారన్న ఆశ లేదు.

అక్టోబరు 29

తుఫాను. నిన్నటి నుంచి వాన, పిల్లలకి సెలవు, ల్యాబు మధ్యాహ్నానికే మూసేశాం. సాయంత్రం కరెంటు పోయింది. ఫోను లైటు గ్లాసుకి ఆనించి రెండు మెట్లు అల్లాను. 22. వానలో అల్లడానికి భలే ఉంది.

నవంబరు 9

పొందూరు వెళ్లాను. చిలకపాలెం దగ్గర బస్సు మారాను, ఒళ్లో సంచి. బస్సులో కూడా నాలుగు వరసలు అల్లాను, 26 పూర్తయ్యాయి. దాచిపెట్టుకెళ్లాల్సింది. అత్త దగ్గర దాచడం చేతకాక, ల్యాబులో మేడమ్‌కి పుట్టినరోజుకి చేస్తున్నానని చెప్పాను.

అత్త అరుగు మీద కూర్చుని ఉంది. రాట్నం ఇప్పుడు రోజూ తిప్పడం లేదు, కళ్లు సహకరించవు. కానీ చేతులు మాత్రం ఊరుకోవు. ముందు మఫ్లరు వైపు చూడనేలేదు, ఉండలోంచి వేలాడుతున్న ఊలు కొస పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి వెనక్కి తిప్పింది. పురి విడిపోయి పోగులు విడివిడిగా తెరుచుకున్నాయి. "నాలుగు పోగులు పేనినారు" అంది. ఒక పోగు విడదీసి మెల్లగా లాగింది. తెగలేదు, పొడవుగా సాగి, మంచు పొగలా పల్చబడి, అప్పుడు విడిపోయింది. "పురి తక్కువే. కానీ పొడుగు పీచు, అందుకే నిలబడింది. దీనికి చేప పళ్లు అక్కర్నేదేటి?"

పొందూరు నూలు సంగతి తెలియనివాళ్ల కోసం: ఇక్కడ గింజ మీదున్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి దువ్వెనలాగా సన్నటి పళ్లుంటాయి. చెత్త పోతుంది, పీచంతా ఒకవైపుకి సర్దుకుంటుంది. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, అప్పుడు వడకడం. కొండపత్తి పీచు పొట్టిది, అంత సన్నటి నూలు రావాలంటే అంత చాకిరీ ఉండాలి. గొర్రె బొచ్చు పొడుగ్గా, ఉంగరాలుగా ఉంటుంది, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. "గొర్రె మనకి పని తగ్గించింది" అంది అత్త, కొంచెం చిన్నచూపుతోనే.

అప్పుడు మఫ్లరు ఒళ్లోకి లాక్కుంది. కళ్లతో కాదు, వేళ్లతో చూసింది. ఎడమ తాడు మీద వేలు పెట్టి కింద నుంచి పైకి జరుపుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది.

"ఇక్కడేటయ్యింది?"

ఏం కాలేదన్నాను. వేలు అక్కడే ఉంది. వంగి చూశాను. ఎడమకి వాలాల్సిన మెలిక అక్కడొక్కచోట కుడికి వాలింది. 22వ మెట్టు. తుఫాను రాత్రి ఫోను వెలుగులో జడపిన్నుని ముందు కాకుండా వెనక వేలాడదీశాను. తర్వాత నాలుగు మెట్లు అల్లి, పదకొండు రోజులు చూసుకుంటూ కూడా నాకు కనపడలేదు.

"ఎవులికీ కనపడదులే అత్తా" అన్నాను.

"మీ మేడమ్‌కి ఇచ్చేదానికి అలగ వొగ్గీకూడదే. పరాయోలు. నాకైతే ఏదో వొకటి సుట్టుకుంతాను గానీ."

బస్సులో తిరిగొస్తూ రణస్థలం వైపు వెళ్లే బస్సు ఎక్కేయబోయాను, అంత పరధ్యానం.

నవంబరు 11

రెండు దారులున్నాయి. 26 నుంచి 22 దాకా మొత్తం విప్పెయ్యడం: ముప్పైమూడు వరసలు, దగ్గర దగ్గర మూడు గంటల పని. లేదా ఆ ఒక్క తాడు ఆరు కుట్లని మాత్రం కిందికి జార్చి, అవే మళ్లీ పైకి అల్లుకుంటూ రావడం. రెండోది ఎప్పుడూ చెయ్యలేదు. దాన్నే పట్టుకున్నాను. ఎందుకంటే మిగతా ముప్పైఐదు కుట్లు ఏ పాపం చేశాయి?

పిల్లని ట్యూషన్‌కి పంపి, తలుపేసి, తెల్ల దుప్పటి పరిచి, ట్యూబులైటు కింద కూర్చున్నాను. ఆ ఆరు కుట్లకి అటూ ఇటూ ఉన్నవి జారకుండా సూది కొసలకి రబ్బరు బ్యాండ్లు చుట్టాను. తర్వాత ఆరు కుట్లనీ సూది మీద నుంచి వదిలేశాను.

వదిలిన క్షణం గుండె జారింది గానీ కుట్లు జారలేదు. ఊలుకి పట్టు ఉంటుంది, యాక్రిలిక్‌లా సర్రున దిగిపోదు. ఒక్కో వరసా నేనే గోటితో లాగాల్సొచ్చింది. లాగిన ప్రతి వరసకీ ఒక పోగు అడ్డంగా మిగిలింది. 26, 25, 24, 23, మెలికలు ఒక్కొక్కటీ విచ్చుకుంటూ 22 దాకా వచ్చేసరికి బట్ట మధ్యలో నిచ్చెన తయారయ్యింది. ముప్పైమూడు పోగుల నిచ్చెన. ఒక్కో పోగూ తన పాత వంపులు మర్చిపోకుండా, నూడుల్సులా, అలలు అలలుగా నిలబడి ఉంది. ఫోటో తీద్దామని చెయ్యి చాపి, వద్దులే అని వెనక్కి తీసుకున్నాను.

కింద తెరుచుకున్న ఆరు కుట్లని రెండు కొసలూ మొనగా ఉన్న పొట్టి సూది మీదికి ఎక్కించాను. మొదటి మూడు జడపిన్ను మీదికి. ముందు. గట్టిగా పైకే అన్నాను, "ముందు". అన్నిటికంటే కింద ఉన్న పోగు తీసుకుని ఆ తర్వాతి మూడు, ఆపైన పిన్ను మీది మూడు. మెలిక ఎడమకి వాలింది. ఇక ఆ సూదినే కుడి కొసకి జరిపి పై పోగు, మళ్లీ కుడికి జరిపి ఆ పై పోగు. బట్ట తిప్పే పని లేదు, కాబట్టి పర్ల్ కూడా లేదు, అన్నీ ముఖం వైపు నుంచే. ఎనిమిది పోగులకోసారి మెలిక. చూసుకోవాల్సింది ఒక్కటే, పోగుల వరస తప్పకూడదు. పై పోగు ముందు వాడేసి కింద పోగు వదిలేస్తే వెనకాల ఉరితాడులా వేలాడుతుంది. 24 దగ్గర అదే చేశాను. రెండు వరసలు విప్పి మళ్లీ వేశాను.

ఆరో కుట్టు ప్రతిసారీ బిగిసిపోయింది. ముందు ఐదూ పోగులో ఎక్కువ వాటా తినేస్తే చివరిదానికి మిగిలేది అంతే కదా, పెద్ద సంసారంలో చివరి కోడలిలాగ. పైదాకా వచ్చాక సూది మొనతో ఒక్కో కుట్టూ కదిపి, వదులుగా ఉన్నవాటి నుంచి బిగిసినవాటికి ఊలు సర్దాను. దానికే ముప్పావు గంట. మొత్తం రెండు గంటల ఇరవై నిమిషాలు. విప్పేసి ఉంటే మూడు గంటలు పట్టేది. మిగిలింది నలభై నిమిషాలు, నేర్చుకున్నది వేరే లెక్క.

ఇప్పుడు చూస్తే ఆ తాడు పక్కదానికంటే కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. తడిపితే సర్దుకుంటుందని నమ్ముతున్నాను.

నవంబరు 23

37. నాలుగో ఉండ వచ్చింది, లాటు వేరు. పగటి వెలుగులో పక్కన పెడితే ఒకటి ఈ ఏటి బెల్లం, ఇంకోటి నిరుటి బెల్లం. ఒక్కసారిగా మారిస్తే గీత గీసినట్టు కనపడుతుంది. అందుకని పాతది పూర్తిగా అవ్వకముందే, రెండు వరసలు పాతదాంతో రెండు వరసలు కొత్తదాంతో అల్లుకుంటూ వచ్చాను. రెండు ఉండలూ కాళ్లకి చుట్టుకుంటున్నాయి. పాతది అయిపోవస్తోంది. నాకు తెలుసు కాబట్టి కనపడుతోంది గానీ వేరేవాళ్లకి కనపడదు. (ఈ మాట ఇంతకుముందు కూడా అన్నాను.)

కార్తీకమాసం అయిపోవడం వల్ల ఆదివారాలు తిరిగొచ్చాయి. ఈ నెలంతా వనభోజనాలకే సరిపోయింది.

డిసెంబరు 3

48. కుట్లు దించేశాను. కొసలు ఎనిమిది, పర్ల్ గాడుల్లోంచి సూదితో దాచాను. ముడి ఎక్కడా లేదు. పొడవు 157. మూడు సెంటీమీటర్లు తగ్గింది, తడిపితే వస్తుంది.

డిసెంబరు 6

గోరువెచ్చని నీళ్లలో కాస్త కుంకుడు రసం కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టాను. రుద్దకూడదు, పిండకూడదు. పౌడరు, బస్సు దుమ్ము, తుఫాను రాత్రి కొవ్వొత్తి మసి, అన్నీ నీళ్లలోకి దిగాయి. ఇల్లంతా తడిసిన గొర్రె వాసన. మా అత్తగారు అగరొత్తి వెలిగించారు, ఏమీ అనలేదు.

తువ్వాల్లో చుట్టి, చుట్ట మీద నిలబడి నీరు తొక్కేశాను. తర్వాత అమ్మాయి యోగా మ్యాట్ మీద పొడి దుప్పటి వేసి పరిచాను. అంచులు సమంగా లాగి స్టీలు పిన్నులు గుచ్చాను, మామూలు గుండుసూదులైతే మన గాలికి తెల్లారేసరికి తుప్పు మరకలు పడతాయి. అడ్డంగా మరీ లాగితే జడలు చదునైపోతాయి, అందుకని పొడుగునే లాగాను. 163 సెంటీమీటర్లు, వెడల్పు 18. రెండు రాత్రులు పట్టింది ఆరడానికి.

ఎడమ తాడు సర్దుకుంది. 22 ఎక్కడో వెతకాలంటే కింద నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి.

డిసెంబరు 7

పొందూరు. సామాను సర్దుతున్నారు, అత్త పెట్టెలో ఆవకాయ సీసాకి గుడ్డలు చుడుతోంది. మడత చేతిలో పెట్టాను.

"మీ మేడమ్ ఒద్దందేటి?"

నీకేనన్నాను. అత్త మొదట తిరగేసింది. ముఖం వైపు చూడకుండా వెనక వైపు. నేత తెలిసినవాళ్లంతా ఇంతే, బట్ట నిజం వెనకాలే చెబుతుందంటారు. కొసలు దాచినచోట్లు వేలితో తడుముతూ వెళ్లింది. ముడి కోసం. దొరకలేదు. లాటు మారినచోట ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది, ఏమీ అనలేదు. తర్వాత ముఖం వైపు తిప్పి, ఎడమ తాడు కింద నుంచి వేలు జరుపుకుంటూ వచ్చింది. ఆగకుండా పై అంచు దాకా వెళ్లిపోయింది. మళ్లీ కిందికొచ్చి ఇంకోసారి.

"ఎక్కడే అది?"

చెప్పలేదు.

డిసెంబరు 19

బావ ఫోటో పంపాడు. డెహ్రాడూన్‌లో డాబా మీద, ఎండలో, అత్త కుర్చీలో కూర్చుని ఉంది. మఫ్లరు తల మీద నుంచి చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద బిగించి ముడేసింది. జడలన్నీ లోపలికి, వెనక వైపు బయటికి. ఎందుకలా అని ఫోన్లో అడిగితే, ఎత్తుగా ఉన్న వైపు చెవికి వెచ్చగా ఉందంది.

22 గ్రాములు మిగిలింది. బావకి టోపీ కావాలట.